సముద్రం దాకా వచ్చిన జనం బజారు దాకా ఎందుకు రావడం లేదు?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. నేను చెన్నై జార్జిటౌన్‌లోని అండర్సన్ వీధిలో కాగితం, శుభలేఖల వ్యాపారం చేసుకుంటున్న తెలుగువాణ్ణి. మా తాతగారు నెల్లూరు జిల్లా నుంచి వచ్చి పెట్టిన కొట్టును మూడో తరంలో నేను నడుపుతున్నాను. మెరీనా తీరంలోనూ, దానికి దగ్గరలో ఉన్న ఐలండ్ గ్రౌండ్స్ మైదానంలోనూ ఏటేటా పెరుగుతున్న వినోదాల వల్ల మా జార్జిటౌన్ ఉన్న పాతపట్నం వ్యాపారం దెబ్బతింటున్నదన్న మాట మా వర్తకుల మధ్య కొంతకాలంగా నలుగుతున్నది. ఈమధ్య పదిమందిమి ఒకచోట కూర్చున్నప్పుడు, పండుగల రోజుల్లో తీరం వైపు ప్రదర్శనలకు అనుమతి ఇవ్వవద్దని ప్రభుత్వానికి విన్నవించుకుందామని కొందరు ప్రతిపాదించి, కాగితం కూడా రాశారు. దాని మీద నేను సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నా తోటి వర్తకులకూ, ఈ పట్నానికి పెళ్లి సామాన్లకని వచ్చే తెలుగు కుటుంబాలకూ చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వాళ్ల బాధ నిజం కాదని నేను అనడం లేదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఐలండ్ గ్రౌండ్స్ చుట్టూ ఉన్న రోడ్ల మీద రాత్రిపూట ఫార్ములా 4 కార్ల పందేలు జరిగాయి. అవి శ్రావణమాసంలో చివరి శని, ఆదివారాలు. రోడ్లు మళ్లించిన ఆ శనివారం సాయంత్రం నా కొట్టులోకి ఒక్క గిరాకీ రాలేదు. దీపాలు పెట్టిన తరువాత గల్లాపెట్టె తెరవవలసిన పని పడలేదు. సంక్రాంతి రోజుల్లో ఐలండ్ గ్రౌండ్స్‌లో పర్యాటక ప్రదర్శన నడుస్తున్నంత కాలం పిల్లలున్న కుటుంబాలు అటే పోతాయి. ఇక తీరం వెంబడి ఇంకా దక్షిణానికి, ఈస్ట్ కోస్ట్ రోడ్డు పొడవునా వెలసిన ఆటల పార్కులూ, హోటళ్లూ, సముద్రం కనబడేలా కుర్చీలు వేసిన కాఫీ దుకాణాలూ సరేసరి. డబ్బు ఖర్చు పెట్టే చేతులు సాయంత్రమయ్యేసరికి సముద్రం వైపు తిరుగుతున్నాయన్నది కళ్లెదుట కనిపిస్తున్న సంగతే.

అయితే ఆ జనాన్ని ఆపితే వాళ్లు మన వీధికి వస్తారా? ఈ ప్రశ్నకు మా వాళ్లలో ఎవరూ నాకు జవాబు చెప్పలేదు.

అసలు సముద్రమూ ఈ బజారూ ఒకదానికొకటి పరాయివి కావు. ఇప్పుడు రాజాజీ సాలై అంటున్న రోడ్డును మా తాతగారి కాలం వాళ్లు ఫస్ట్ లైన్ బీచ్ అనేవారు, ఎందుకంటే ఒకప్పుడు అలలు దాదాపు అక్కడి దాకా వచ్చేవి. ఓడలు దూరంగా లంగరు వేస్తే సరుకునూ మనుషులనూ మసూలా పడవల మీద ఒడ్డుకు చేర్చేవారు. ఆ ఒడ్డున దిగిన సరుకు చుట్టూ అల్లుకున్నదే ఈ బజారంతా. 1870లలో హార్బరు పనులు మొదలుపెట్టారు, 1881 తుఫానుకు అవి బాగా దెబ్బతిన్నాయి, తరువాత మళ్లీ కట్టారు. ఆ గోడలు దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంట సాగే ఇసుకకు అడ్డుపడ్డాయి. దాంతో దక్షిణాన ఇసుక మేటవేసి మెరీనా వెడల్పయింది. ఉత్తరాన రాయపురం, కాసిమేడు వైపు తీరం కోతపడి రాళ్లు పోయవలసి వచ్చింది. గవర్నరు గ్రాంట్ డఫ్ 1880లలో తీరం వెంట నడకదారి వేయించి మెరీనా అని పేరు పెట్టింది ఆ రోజుల్లోనే. అంటే, మన ముంగిట ఉన్న హార్బరు వల్ల పేరుకున్న ఇసుక మీదనే ఈనాడు లక్షలమంది సాయంత్రాలు గడుపుతున్నారు. మన వాకిట్లో సముద్రం పోయి, ఆ పక్క వాకిట్లో ఇసుక చేరింది. దీనికి ఎవరి మీదా కోపం తెచ్చుకోవలసిన పని లేదు గాని, ఈ రెండు వాకిళ్ల మధ్య దారి మూసుకుపోవడం గురించి మాత్రం అడగవలసి ఉంది.

ఆ దారి రైలు రూపంలో ఇప్పటికీ ఉంది. చేపాకం స్టేషన్‌లో ఎక్కితే చింతాద్రిపేట, పార్క్ టౌన్, ఫోర్ట్ దాటి నాలుగో స్టేషన్ బీచ్. పేరుకు బీచ్ స్టేషనే గాని, దిగినవాడికి ఒక పక్క హార్బరు, మరో పక్క బర్మా బజారు కొట్లే కనిపిస్తాయి. బర్మా నుంచి తిరిగివచ్చిన కుటుంబాల కోసం 1969లో ఏర్పడిన ఆ కొట్ల వరుస దాటి, రోడ్డు దాటి, ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులోకి తిరిగితే పది నిమిషాల్లో మా వీధి. మెరీనాలో గాలి పీల్చుకున్న కుటుంబం ఇంతకన్నా చవగ్గా, ఇంతకన్నా త్వరగా పాతపట్నానికి చేరే మార్గం మరొకటి లేదు. ఈ సంగతి మా కొట్టుకు వచ్చే కొనుగోలుదారుల్లో తెలిసినవారిని నేను చాలా తక్కువ మందిని చూశాను. అదీగాక, ఎగ్మూరు–బీచ్ మధ్య నాలుగో లైను వేయడానికని 2023 ఆగస్టు 27 నుంచి 2024 అక్టోబరు 29 దాకా, పద్నాలుగు నెలలు, చింతాద్రిపేటకూ బీచ్‌కూ మధ్య ఈ రైళ్లు నడవలేదు. లైను కావలసిందే, నేను కాదనను. కాని ఆ పద్నాలుగు నెలలూ ఆ దూరానికి బదులు ఏర్పాటు గట్టిగా కావాలని మా వర్తకులం ఒక్క మాట కూడా అడగలేదు. ప్రదర్శన వద్దని కాగితం రాసేటంత పట్టుదల అప్పుడు చూపి ఉంటే బాగుండేది. అలవాటు తప్పిన దారి మళ్లీ అలవాటు కావడానికి ఏళ్లు పడుతుంది.

ఇంకో సంగతి మా వాళ్లు గమనించాలని కోరుతున్నాను. మెట్రో రెండో దశలో ఒక మార్గం లైట్‌హౌస్ దగ్గర మొదలై మైలాపూరు మీదుగా టి.నగర్‌లోని పానగల్ పార్కుకూ, అక్కడి నుంచి కోడంబాక్కం, వడపళని దాటి పూనమల్లికీ పోతుంది. అది పూర్తయిన రోజున మెరీనా ఇసుకలో ఆడుకున్న పిల్లలను తీసుకుని ఒక కుటుంబం రైలు మారకుండా టి.నగర్ బట్టల కొట్ల ముందు దిగుతుంది. ఆ పేట పేరులో ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టిగారూ, ఆ పార్కు పేరులో ఉన్న పానగల్ రాజావారూ మన తెలుగువారే కాబట్టి ఆ పేట బాగుపడితే నాకు సంతోషమే. పైగా అక్కడ పాండీ బజారులో 2019లోనే కాలిబాటలు వెడల్పు చేసి, కూర్చోవడానికి బల్లలు వేసి, నడిచేవాళ్లకు వీధిని అప్పగించారు. సముద్రంతో వాళ్లకు రైలు సంబంధం ఇప్పుడు కలుస్తున్నది. మనకు ఆ సంబంధం ఎప్పటినుంచో ఉన్నా వాడుకోవడం లేదు. పోటీ గురించే మాట్లాడదలచుకుంటే మాట్లాడవలసింది దీని గురించి.

దిగి నడిచి వచ్చినవారికి మనం ఏమి చూపిస్తున్నాం? కిందటి శ్రావణంలో సూళ్లూరుపేట నుంచి ఒక కుటుంబం మా కొట్టుకు వచ్చింది. పెళ్లికూతురి తల్లిదండ్రులు, ఒక మేనత్త, డెబ్బై దాటిన నాయనమ్మ. ఆ పెద్దావిడ కార్డులను కంటితో కాదు, బొటనవేలితో చూసింది. ఒక్కొక్క కార్డు అంచును వేలితో నిమిరి, మూలన గట్టిగా నొక్కి, 'ఈ కాగితం పసుపు పట్టదు నాయనా, జారిపోతుంది' అని పక్కన పెట్టింది. నున్నటి మెరుపు కాగితం మీద నాలుగు మూలలా పసుపు రాస్తే ఎండిన తరువాత పొడిగా రాలిపోతుందని మా వృత్తిలో ఉన్నవాళ్లం అందరం ఎరుగుదుము, అడగనిదే మాత్రం చెప్పము. చివరికి కొంచెం గరుకుగా ఉండే లేత పసుపు రంగు కార్డు ఎంచుకుంది. మూడువందల కార్డులు కావాలన్నారు. పేర్లు, గోత్రాలు, ముహూర్తం రాసుకుని ప్రూఫు తీసి చూపించేటంతలో గంటసేపు పడుతుంది, ఆ గంటలో ఆవిడ మా పనివాణ్ణి పిలిచి మెల్లగా ఒక మాట అడిగింది. మా కొట్టులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. వీధిలో లేదు. పక్క వీధిలో ఉన్నదానికి తాళం. కోడలు ఆవిడను ఆటో ఎక్కించుకుని స్టేషను వైపు తీసుకుపోయింది. ప్రూఫు చూడకుండానే తండ్రి నంబరు ఇచ్చి బయలుదేరాడు. మర్నాడు ఫోను చేస్తే, ఊళ్లోనే అచ్చు వేయించుకుంటామని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ కార్డుల బేరం పోయినందుకు కాదు, ఆ పెద్దావిడ అడగడానికి సిగ్గుపడుతూ అడిగిన తీరు తలచుకుంటే నాకు ఈనాటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ కుటుంబాన్ని మా కొట్టు నుంచి మెరీనా లాక్కుపోలేదు.

ఫోనులో పంపే ఆహ్వానాల వల్ల మా వ్యాపారం తగ్గిన మాట వేరు. అది ఈ ఉత్తరంలో చెప్పవలసినది కాదు.

ఇక ఆదివారాల సంగతి. తీరం నిండా జనం ఉండేది ఆదివారం సాయంత్రం. టోకు వ్యాపారం అలవాటు కొద్దీ పాతపట్నంలో అధిక భాగం తలుపులు మూసుకునేదీ ఆదివారమే. మిగిలిన రోజుల్లో ఎనిమిది గంటలకల్లా మా వీధిలో షట్టర్లు దిగుతాయి. ఆదివారం సాయంత్రం అయిదింటికి నేను స్వయంగా బీచ్ స్టేషన్‌లో దిగి మా కొట్టు దాకా నడిచి చూశాను. ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు మొదట్లోని పారిస్ కార్నర్ దగ్గర ఫుట్‌పాత్ మీద దుకాణాలున్నాయి, జనం ఉన్నారు, బేరాలు జోరుగా సాగుతున్నాయి. నాలుగడుగులు లోపలికి వెయ్యగానే వీధి బోసిగా ఉంది. నా కొట్టు షట్టరు ముందు ఒక బండి అడ్డంగా నిలిపి ఉంది, దాని మీద ఒక కుక్క పడుకుని ఉంది. నా వీధికి నేనే కొత్తవాణ్ణి అయినట్టు అనిపించింది. ఇరుగూ పొరుగూ టోకు వ్యాపారులు కదా, చిల్లర గిరాకీతో మనకేమి పని అని కొందరు పెద్దలు అంటారు. కొత్వాల్ చావిడి కూరగాయల మార్కెట్టు 1996లో కోయంబేడుకు తరలిపోయినప్పుడు, ఆ కూరగాయల కోసం తెల్లవారుజామున వచ్చేవాళ్లు పప్పులూ, బెల్లమూ, సంచులూ, దారాలూ కూడా కొనుక్కుపోయేవారన్న సంగతి అప్పుడు గాని తెలిసిరాలేదని మా నాన్నగారు చాలాసార్లు చెప్పేవారు. ఒక వీధికి వచ్చే జనం తగ్గితే దాని ప్రభావం మూడు వీధుల అవతల కనబడుతుంది.

తమిళనాడు దుకాణాల చట్టం ప్రకారం వారానికి ఒకరోజు కొట్టు మూయాలి. పనివాళ్లకు ఆ సెలవు తప్పకుండా ఇవ్వవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఆ రోజు ఆదివారమే కావాలన్న నియమం లేదు, మనమే ఎంచుకోవచ్చు. పదిమంది, అంతకు మించి పనివాళ్లున్న దుకాణాలు రాత్రింబవళ్లు తెరుచుకోవచ్చని 2019లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి, తరువాత పొడిగిస్తూ వచ్చింది. తీరం వైపు పెద్ద దుకాణాలకూ, మాల్స్‌కూ అది ఉపయోగపడింది. ఇద్దరు ముగ్గురు పనివాళ్లతో నడిచే మా వంటి కొట్లు ఆ ఉత్తర్వు పరిధిలోకి రావు. అర్ధరాత్రి దాకా తెరవాలని మేమూ కోరడం లేదు. ఆదివారం తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా నిశ్చింతగా తెరుచుకోవడానికి వీధిలో దీపాలూ, పోలీసు గస్తీ ఉంటే చాలు.

ఇది జరిగే పనేనా అని అడిగేవారికి హైదరాబాదును చూపిస్తాను. 2021లో అక్కడ ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి జనానికి వదిలిపెట్టారు. చెరువు గట్టుకు జనం పోటెత్తారు. అదే ఏడాది అక్టోబరులో అటువంటి ఏర్పాటునే చార్మినార్ దగ్గర కూడా మొదలుపెట్టారు. ఆ రోజుల్లో మా చెల్లెలి ఇంటికి వెళ్లి, ఒక ఆదివారం సాయంత్రం అక్కడ నిలబడి చూశాను. లాడ్ బజారు గాజుల కొట్లు దీపాలతో వెలిగిపోతున్నాయి, మధ్యలో రోడ్డు మీద పిల్లలు పరుగులు తీస్తున్నారు. నీటి ఒడ్డున ఇచ్చిన సదుపాయాన్ని పాత బజారుకు కూడా ఇవ్వవచ్చని అక్కడి అధికారులకు తోచింది. మనకు ఎందుకు తోచకూడదు?

మన దగ్గరా జనం నడవడానికి వెనకాడరు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా చెన్నకేశవ పెరుమాళ్ కోవెల నుంచి గొడుగుల ఊరేగింపు బయలుదేరే రోజున ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు మీద ఇసుక వేస్తే రాలదు. మింట్ వీధిలో, మన పెద్దలు టంకసాల వీధి అన్నచోట, సాయంత్రమయ్యేసరికి చాట్ కోసం, మురుకు శాండ్‌విచ్ కోసం వెతుక్కుంటూ వచ్చే కుర్రవాళ్లు ఇప్పటికే ఉన్నారు. వాళ్లు అక్కడ తిని, అక్కడి నుంచే తిరిగిపోతున్నారు. నాలుగు వీధుల అవతల మా కొట్లున్నాయని వాళ్లకు తెలియదు.

అందుచేత మా వర్తకులు రాసిన కాగితానికి బదులు నేను కోరేవి ఇవి. నెలకు రెండు ఆదివారాలైనా సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిదిన్నర దాకా ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డునూ, మింట్ వీధిలో కొంత భాగాన్నీ నడిచేవారికి వదలాలి. ఆ రోజుల్లో లైట్‌హౌస్, చేపాకం స్టేషన్ల నుంచి బీచ్ స్టేషన్‌కు రైళ్లు పెంచి, మెరీనాలో గాంధీ విగ్రహం దగ్గర నుంచి పారిస్ కార్నర్ దాకా చిన్న బస్సులు నడపాలి. ఐలండ్ గ్రౌండ్స్‌లో ప్రదర్శన జరిగినప్పుడల్లా అందులో పాతపట్నం వీధుల పటమొకటి పెట్టించాలి: కాగితానికి అండర్సన్ వీధి, బట్టకు గొడౌన్ వీధి, పూలకు బద్రియన్ వీధి అని చూడగానే తెలిసేలా. అన్నిటికన్నా ముందు, ఆడవాళ్లు వాడుకోదగిన మరుగుదొడ్లు కావాలి, వాటి తాళం తీసి ఉండాలి.

ఫుట్‌పాత్ వ్యాపారుల మాట కూడా చెప్పక తప్పదు, ఇది మా వాళ్లకు నచ్చకపోయినా. మెరీనాలో హైకోర్టు చొరవతో తొమ్మిదివందల బండ్లను ఒక పద్ధతి ప్రకారం కేటాయించారు. పాతపట్నంలో మాత్రం ఫుట్‌పాత్ వ్యాపారి అంటే తరిమివేయవలసినవాడన్న ధోరణే సాగుతున్నది. నేను చూసిన ఆదివారం సాయంత్రం ఆ పేటలో ప్రాణం నిలిపింది వాళ్లే. నడకకు దారి వదిలి, గీత గీసి, వాళ్లకు చోటు చూపించాలి. వీధి వ్యాపారుల చట్టం కూడా 2014 నుంచి అదే చెబుతున్నది.

మీ పత్రిక పాఠకులకు ఈ వీధులు పరాయివి కావు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో ఆంధ్రపత్రికను దినపత్రికగా నడపడం మొదలుపెట్టింది ఈ పట్నంలోనే. మాకు నాలుగడుగుల దూరంలో ఉన్న బ్రాడ్‌వేకు ఇప్పుడు ప్రకాశం పంతులుగారి పేరుంది. 1928లో సైమన్ కమిషన్‌కు నిరసనగా ఆయన తుపాకులకు రొమ్ము చూపి నిలబడింది పారిస్ కార్నర్ దగ్గరే. ఈ ఊళ్లో పెళ్లి సామాను కొనకపోతే పెళ్లి చేసినట్టు కాదని నెల్లూరు, చిత్తూరు జిల్లాల ఇళ్లలో మొన్నమొన్నటి దాకా అనుకునేవారు. ఆ కుటుంబాలు ఇప్పటికీ చెన్నైకి వస్తున్నాయి, సాయంత్రం పిల్లలను సముద్రానికి తీసుకుపోతున్నాయి.

నా వంతుగా, రానున్న శ్రావణం మొదటి ఆదివారం నుంచి నా కొట్టును ఆదివారాలు రాత్రి తొమ్మిది దాకా తెరిచి, మంగళవారం సెలవు పాటిస్తాను. మా ముగ్గురు పనివాళ్లతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. కొట్టు వెనక సామాన్ల గదిలో కొంత భాగం ఖాళీ చేసి మరుగుదొడ్డి కట్టిస్తున్నాను, గోడలు లేచాయి. ఎదురు వరుసలోని ఇద్దరు వర్తకులు కూడా ఆదివారం తెరుస్తామని మాట ఇచ్చారు. కార్పొరేషన్ అధికారులుగాని, రైల్వేవారుగాని ఏదో ఒక ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు బీచ్ స్టేషన్‌లో బర్మా బజారు వైపు గేటు దగ్గరికి వస్తే, అక్కడి నుంచి మా వీధి దాకా నేనే వెంట నడిచి ఎక్కడ దీపం లేదో, ఎక్కడ రాయి లేచి ఉందో చూపిస్తాను.

ఇట్లు,
ఒక కాగితపు వర్తకుడు,
అండర్సన్ వీధి, జార్జిటౌన్, చెన్నై.